ఈబేలో పాత పనిముట్లు: ఫొటోలో లేని వైపు ముందు చూడండి

పాత చిత్రికలు (చెక్కని నున్నగా చెక్కే పనిముట్లు), ఉలులు, రంపాలు ఈబే సైటు వేలంలో కొనే పిచ్చి నాకుంది. అమెరికాలో ఉంటూ శనాదివారాలు గరాజ్‌లో చెక్కతో కుస్తీ పట్టే తెలుగువాళ్లు మా చుట్టుపక్కల బాగానే ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒకరు వాట్సాప్‌లో లింకు పంపి "అన్నా, వీడు మంచోడేనా?" అని అడుగుతుంటారు. వాడు మంచోడో కాదో నాకేం తెలుసు. కానీ లిస్టింగ్ చూస్తే వాడు ఏం దాస్తున్నాడో మాత్రం చాలాసార్లు చెప్పొచ్చు. ఎందుకంటే ఈ వ్యాపారంలో పచ్చి అబద్ధం రాసేవాడు తక్కువ. రాస్తే దొరికిపోతానని, డబ్బు వెనక్కివ్వాలని వాడికీ తెలుసు. వాడు చేసేదల్లా చెప్పకుండా ఊరుకోవడం, చూపించకుండా తప్పించుకోవడం. రేపు గొడవైతే "నేనెప్పుడన్నాను?" అనడానికి వీలుగా ఉంటుంది.

ఇండియాలో ప్రభుత్వ సంస్థల తుక్కు ఎం.ఎస్.టి.సి. అనే ప్రభుత్వ రంగ కంపెనీ సైటులో వేలం వేస్తారు కదా, అక్కడా "ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే" అన్న షరతు మీదే అమ్ముతారు గానీ, ముందు యార్డుకెళ్లి సరుకు చూసుకునే వీలిస్తారు. ఈబేలో అది కుదరదు. అమ్మేవాడు ఒహాయోలో, మీరు టెక్సాస్‌లో. వాడు ఎటు తిప్పి ఫొటో తీస్తే అటే చూస్తారు. కాబట్టి ఎటు తిప్పలేదో పట్టుకోవడమే మన పని.

స్టాన్లీ చిత్రికల సంగతే చెప్తాను, అవే ఎక్కువ దొరుకుతాయి, వాటి మీదే ఎక్కువ ఆటలు నడుస్తాయి. కనెటికట్ రాష్ట్రంలోని న్యూ బ్రిటన్ ఊళ్లో ఉన్న స్టాన్లీ కంపెనీ 1869లో లెనార్డ్ బెయిలీ పేటెంట్లు కొనుక్కుని, ఆ డిజైన్‌తో లక్షల్లో చిత్రికలు పోతపోసింది. 4వ నంబరు సుమారు 9 అంగుళాలు, 5వది 14, 7వది 22 అంగుళాలు. ఒళ్లంతా పోత ఇనుము. పోత ఇనుముకి వంగడం చేతకాదు, సిమెంటు నేల మీద పడిందంటే చీలుతుంది. చీలేది కూడా దాదాపు రెండే చోట్ల: బ్లేడు బయటికొచ్చే నోటి దగ్గర, రెండు పక్క గోడల మీద. అంటే మీరు చూడాల్సిందీ ఈ రెండు చోట్లే, వాడు చూపించకూడదనుకునేదీ ఇక్కడే.

మొన్నామధ్య డాలస్‌లో ఉండే కుర్రాడొకడు 7వ నంబరు లింకు పంపాడు. "అన్నా, ఇంకా 60 డాలర్లే ఉంది, ఎవరూ చూసినట్టు లేదు, కొట్టేస్తా" అన్నాడు. తెరిచి చూస్తే ఫొటోలు పన్నెండు. ముందు గుబ్బ మీదే మూడు, వెనక పిడి మీద రెండు, స్టాన్లీ అన్న అక్షరాలు దగ్గరగా రెండు, బల్ల మీద పెట్టి దూరం నుంచి కొన్ని. ఎడమ పక్క గోడ నిండుగా, ఎండలో, గీతలు కూడా కనిపించేంత స్పష్టంగా ఉంది. కుడి పక్క గోడ ఒక్కదాంట్లోనే ఉంది, అదీ సగం నీడలో. అడుగుభాగం ఒకటుంది గానీ బ్లేడు కిందికంటా దింపి తీశాడు, దాంతో నోరు సగం మూసుకుపోయింది. పన్నెండు ఫొటోలు ఓపిగ్గా తీసినవాడికి చిత్రికని అటు తిప్పడానికి చెయ్యి రాలేదా? ఇంకొకటుంది. లోపలి నల్ల పూత వందేళ్ల నాటి వస్తువుకి ఉండాల్సినట్టు అక్కడక్కడా పెచ్చులూడి ఉంది, కుడివైపు మాత్రం జానెడు మేర నున్నగా, కొత్తగా నిగనిగలాడుతోంది. స్ప్రే డబ్బాతో కొట్టిన నలుపు అది. ఒక పక్కకి మాత్రమే ఎవడైనా రంగు ఎందుకు వేస్తాడు? పగుల్ని ఇత్తడితో అతికి, అతుకు కనబడకుండా పైన రంగు కొట్టినప్పుడు అలా ఉంటుంది. "కుడి గోడ బయటివైపు, లోపలివైపు, బ్లేడు తీసేసి నోరు, ఈ మూడు ఫొటోలు పెట్టమని అడుగు" అన్నాను. ఆ అమ్మేవాడి జవాబు ఒక్క లైను: "ఫొటోల్లో ఉన్నదే దాని కండిషన్, చూసుకుని బిడ్ చేయండి." కుర్రాడు వదిలేశాడు. అది చివరికి 100 డాలర్ల పైన పోయింది.

నేను చెప్పే సలహాల్లో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి: అడగండి. ఈబే మెసేజ్‌లోనే అడగండి, ఫోన్‌లోనో బయట ఈమెయిల్‌లోనో కాదు. "కండిషన్ బాగుందా?" అని అడిగితే "గుడ్ ఫర్ ఇట్స్ ఏజ్" అని వస్తుంది, దానికర్థం ఏమీ లేదు. అవునో కాదో చెప్పక తప్పని ప్రశ్న వేయాలి. పోత ఎక్కడైనా పగిలిందా, అతికారా? పిడికి చీలిక ఉందా? బ్లేడు స్లాటు కొన నుంచి పదును అంచు దాకా ఎంత ఇనుము మిగిలింది, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీస్తారా? నిజాయితీపరుడైతే మీ ప్రశ్న తెలివిగా ఉందని సంతోషించి ఫొటో పంపుతాడు. పగుళ్లు లేవని రాసి పంపి, వచ్చిన దాంట్లో పగులుంటే ఆ మెసేజ్ మీ చేతిలో సాక్ష్యం. జవాబే ఇవ్వకపోయినా, చిరాకు పడినా అదీ జవాబే, వేలం అయిపోక ముందే ఉచితంగా దొరికిన జవాబు.

ఇక్కడ ఒక మాట. ఫొటోలు చెత్తగా ఉన్న ప్రతివాడూ దొంగ కాదు. తాతగారి షెడ్డు ఖాళీ చేస్తున్న మనవరాలికి ఏది పైకో ఏది కిందికో తెలియదు, తలకిందులుగా బ్లేడు బిగించి ఫొటో పెడుతుంది, వర్ణన రెండు వాక్యాలుంటుంది. నాకు దొరికిన మంచి సరుకులో సగం ఇలాంటి వాళ్ల దగ్గరే దొరికింది. తేడా మెసేజ్‌లో తెలుస్తుంది. తెలియని మనిషి "ఎక్కడ తియ్యమంటారు, ఈ స్క్రూ విప్పాలా?" అని అడుగుతుంది. "నాకు పనిముట్ల గురించి ఏమీ తెలియదు" అని రాసుకున్నవాడి మిగతా లిస్టింగ్‌లు ఒకసారి తెరవండి. అమ్ముడైపోయినవి కూడా చూడండి. అక్కడ వరసగా చిత్రికలు, డిస్టన్ రంపాలు, స్టారెట్ మైక్రోమీటర్లు, ఒక్కోదానికీ మోడల్ నంబరుతో సహా కనిపిస్తే వాడికి ఏమీ తెలియకపోవడం కాదు, బాగా తెలుసు.

అలాంటిదే "అన్‌టెస్టెడ్" అనే మాట. కరెంటుతో నడిచే డ్రిల్లుకి అన్‌టెస్టెడ్ అని రాస్తాడు. అమెరికాలో గోడకి ప్లగ్గు లేని ఇల్లు నేనింకా చూడలేదు. టెస్ట్ చేశాడు, పనిచెయ్యలేదు, అందుకే అన్‌టెస్టెడ్ అయింది. నేనైతే ఆ మాట కనబడగానే పనిచెయ్యదనే లెక్కలోనే ధర కడతాను, విడిభాగాల ఖరీదుకి వస్తే సరే, లేకపోతే లేదు. బ్యాటరీ పనిముట్లయితే ఇంకో తలనొప్పి: పేరున్న కంపెనీ స్టిక్కరేసిన నకిలీ బ్యాటరీలు బోలెడు తిరుగుతున్నాయి. సీరియల్ నంబరు ప్లేటు గీకేసి ఉంటే ధర ఎంత తక్కువైనా ముట్టుకోకండి, అది ఎవరి ట్రక్కులోంచో లేచిపోయిన సరుకు అయ్యుంటుంది. మిటుటోయో కాలిపర్లకీ నకిలీలు ఉన్నాయి, డబ్బా మీది ముద్రణతో సహా దింపేస్తారు. వాటిని పాతవని చెప్పి వేలంలో పెడితే నమ్మడానికి ఇంకా తేలిక. కొలిచే పనిముట్లు మాత్రం నేను వేలంలో కొనను.

మళ్లీ చిత్రికల దగ్గరికొస్తే, రెండు మూడు విరిగిన వాటి భాగాలు కలిపి ఒకటి చేసి "వందేళ్ల నాటిది, అన్నీ ఒరిజినల్" అని అమ్మడం చాలా పాత విద్య. పట్టుకోవడం మాత్రం సరదాగా ఉంటుంది. బ్లేడు కూర్చునే ఫ్రాగ్ వెనక, బాడీ మీద పేటెంటు తేదీలు పోతలోనే ఉంటాయి. మూడు తేదీలు ఉంటే, అంటే 1902వి రెండు, 1910ది ఒకటి ఉంటే, అది 1910 నుంచి 1918 లోపు తయారైన బాడీ. ఆ కాలం వాటికి ముందు గుబ్బ పొట్టిగా ఉంటుంది, పొడుగు గుబ్బ తర్వాత వచ్చింది. ఇప్పుడు బ్లేడుని పైనుంచి బిగించి పట్టే లివర్ క్యాప్ చూడండి. స్క్రూ దూరే రంధ్రం పాతవాటిలో తాళంచెవి రంధ్రంలా నిటారుగా ఉంటుంది, 1933 నుంచి కిడ్నీ ఆకారంలోకి మారింది. మూడు తేదీల బాడీ మీద కిడ్నీ రంధ్రం క్యాపు ఉందంటే ఎవరో మధ్యలో మార్చారు. బ్లేడు మీద గుండె ఆకారంలో ఎస్ డబ్ల్యూ ముద్ర ఉంటే అది స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ 1920లో స్టాన్లీ వర్క్స్‌లో కలిశాక వచ్చిన ముద్ర. అంటే ఆ మూడు తేదీల బాడీ కన్నా తర్వాతి కాలందన్నమాట. బ్లేడంటే అరిగి మార్చుకునేదే కాబట్టి దాన్ని నేను తప్పు పట్టను.

ఇక్కడ నా పద్ధతి చెప్తాను: చెక్క మీద పనికి కొంటున్నప్పుడు భాగాలు ఏ కాలానివైనా ఒకదానికొకటి సరిగ్గా కూర్చుంటే చాలు, నాకు పట్టింపు లేదు. కానీ ఒరిజినల్ అని రాసి ఆ ధర అడిగేవాడికి మాత్రం ఒక్క డాలరు కూడా ఎక్కువ పెట్టను. ఈ చిన్న తేదీల విషయంలో తప్పు రాసినవాడు పగులు విషయంలో నిజం చెప్తాడని నమ్మకం ఏముంది? స్టాన్లీ 45 లాంటి కాంబినేషన్ చిత్రికలకైతే (కట్టర్లు మార్చుకుంటూ రకరకాల పనులకి వాడేవి) "కంప్లీట్" అన్న మాటని అసలు నమ్మొద్దు. కట్టర్ల డబ్బా, పొడవు కడ్డీలు, డెప్త్ స్టాప్, చిన్న చిన్న స్క్రూలు, ఇవన్నీ పాత కేటలాగ్ బొమ్మతో పక్కపక్కన పెట్టుకుని లెక్క చూసుకోవాలి. లేని భాగాలు విడిగా కొనబోతే అసలు చిత్రిక కన్నా ఎక్కువవుతుంది.

ఫీడ్‌బ్యాక్ సంగతి. 99 శాతం పైన ఉందని మురిసిపోకండి, అది గడిచిన 12 నెలల లెక్క మాత్రమే, పైగా ఈ సైటులో దాదాపు అందరికీ ఆ మాత్రం ఉంటుంది. 2008 నుంచి అమ్మేవాళ్లు కొనేవాళ్లకి నెగటివ్ ఇవ్వడానికి లేదు, అంటే కొనేవాడిగా ఎవరికైనా పాజిటివ్‌లే పోగవుతాయి. రెండు డాలర్ల స్టిక్కర్లు, ఫోన్ కవర్లు కొని నంబరు పెంచుకుని, ఆ తర్వాత అమ్మకాలు మొదలుపెట్టేవాళ్లున్నారు. కాబట్టి ఫీడ్‌బ్యాక్ పేజీలో అమ్మేవాడిగా వచ్చినవి మాత్రమే విడిగా తెరిచి, నెగటివ్, న్యూట్రల్ ఉన్నవాటినే చదవండి. తిట్లు ముఖ్యం కాదు, తిట్టిన కారణం ఒకటే మళ్లీ మళ్లీ వస్తోందా అన్నది ముఖ్యం. "ప్యాకింగ్ బాలేదు" అని ఒకరిద్దరంటే బద్ధకం. "చెప్పని పగులు", "చెప్పని అతుకు" అని రెండుసార్లు కనబడితే అది అలవాటు. ఇంకో రకం ఉంది, మరీ ప్రమాదం: ఎనిమిదేళ్లుగా చిన్నపిల్లల బట్టలు అమ్ముకుంటూ, తర్వాత చాలాకాలం మూగబోయిన ఖాతాలో ఒక్కసారిగా లేత్ మెషీన్లు, టేబుల్ సా రంపాలు సగం ధరకి ప్రత్యక్షమైతే ఆ ఖాతా ఎవడో దొంగిలించాడని అర్థం. ఫొటోని గూగుల్ లెన్స్‌లో వేస్తే అదే మెషీను ఏ పాత ప్రకటనలోనో దొరుకుతుంది.

ఇక బిడ్డింగ్‌లో జరిగే తతంగం. మనం గరిష్ఠ ధర ఒకటి చెప్తే ఈబే మన తరఫున బిడ్‌ని అవసరమైనంతే పెంచుకుంటూ పోతుంది, మన గరిష్ఠ ధర ఎదుటివాడికి చూపించదు. ఆ గరిష్ఠం ఎంతో తెలుసుకోవడానికే మోసగాడి తాపత్రయమంతా. స్నేహితుడి ఖాతాతోనో తన రెండో ఖాతాతోనో బిడ్లు వేయిస్తూ మిమ్మల్ని మీ అంచు దాకా నెడతాడు. ఒక్కోసారి ఆ దొంగ ఖాతా మిమ్మల్ని దాటేసి తానే గెలుస్తుంది, అప్పుడేం చేస్తాడంటే మర్నాడు మీకు "సెకండ్ చాన్స్ ఆఫర్" వస్తుంది, గెలిచినాయన డబ్బు కట్టలేదండీ, మీరు వేసిన బిడ్‌కే ఇచ్చేస్తాను అని. నిజంగానే కట్టనివాళ్లూ ఉంటారు, కాదనను, కానీ ఆ గెలిచిన బిడ్డర్ చరిత్ర తెరిచి చూడండి. బిడ్ హిస్టరీలో పేర్లు చుక్కలు పెట్టి దాచినా, గత 30 రోజుల్లో ఆ బిడ్డర్ వేసిన బిడ్లలో ఎంత శాతం ఈ ఒక్క అమ్మకందారు దగ్గరే వేశాడో చూపిస్తుంది, ఎన్ని బిడ్లు వెనక్కి తీసుకున్నాడో కూడా. ఫీడ్‌బ్యాక్ సున్నా, ఈ అమ్మకందారు దగ్గరే 100 శాతం, అయినా దేన్నీ గెలవాలన్న తొందర లేదంటే ఇంకేం కావాలి. బిడ్ రిట్రాక్షన్ ఇంకో ఎత్తు: ఒకడు ఆకాశమంత బిడ్ వేసి మీ గరిష్ఠం బయటపడేదాకా లాగి, "అంకె తప్పు పడింది" అని వెనక్కి తీసుకుంటాడు, ఆ వెంటనే ఇంకొకడు వచ్చి సరిగ్గా మీ గరిష్ఠానికి కాస్త కింద ఆగుతాడు.

దీనికి నా మందు తేలిక. ముందు రోజే ఒక కాగితం మీద ధర రాసుకుంటాను, షిప్పింగ్‌తో కలిపి. చివరి కొన్ని సెకన్లలో ఒకే ఒక్క బిడ్. అంతకుముందు వేస్తే మన గుట్టు వాడికి మనమే చెప్పినట్టు. షిప్పింగ్ ఎందుకు కలపాలంటే, 20 డాలర్ల వస్తువుకి 38 డాలర్ల షిప్పింగ్ పెట్టేవాడు చాలాసార్లు తూకం చూసి పెట్టడం లేదు, లాభం అక్కడ దాస్తున్నాడు. 7వ నంబరు చిత్రిక ఎనిమిది పౌండ్లకి అటూఇటూ, అంతే.

డబ్బు సైటు బయట కట్టమన్నాడా, అక్కడితో ఆపేయండి. జెల్ (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి), గిఫ్ట్ కార్డులు, పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ, ఏ పేరుతో అడిగినా ఒకటే. సైటు బయట కడితే, డబ్బు వెనక్కిస్తామన్న ఈబే హామీ వర్తించదు. మన ఊళ్లలో ఓఎల్ఎక్స్‌లో ఆర్మీ ఆఫీసరునని చెప్పి, మీ సామాను కొంటాను, ఇది స్కాన్ చేస్తే డబ్బు మీకొస్తుందంటూ క్యూఆర్ కోడ్ పంపే బాపతు గుర్తుందా? అదీ ఇదే కుటుంబం. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ కొట్టక్కర్లేదని హైదరాబాద్ పోలీసులు ఎన్నిసార్లు చెప్పినా ఇంకా ఎవరో ఒకరు కొడుతూనే ఉన్నారు.

సరుకు వచ్చాక చేయాల్సింది కూడా చెప్పేస్తాను. డబ్బా తెరిచేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, అడ్రసు లేబుల్ కనబడేలా మొదలుపెట్టి. చిత్రిక భాగాలన్నీ విప్పేసి, ఖాళీ బాడీని తాడుకి వేలాడదీసి చిన్న చెక్క ముక్కతో తట్టండి. మంచి పోత గంటలా మోగుతుంది, పగిలింది బొంగురుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్పిరిట్‌తో తుడిచి, రంగుని గోటితో కొంచెం గీకండి, ఇత్తడి అతుకైతే పసుపు గీత బయటపడుతుంది. తుప్పు గుంటలు ఎక్కువ భయపెడతాయి గానీ అడుగున అక్కడక్కడా ఉంటే పనికి అడ్డం కాదు, బ్లేడు వెనక వైపు అంచు దగ్గర ఉంటేనే తిప్పలు, ఎంత సాన పట్టినా అంచు నిలవదు. వైర్ బ్రష్ కొట్టి అద్దంలా మెరిపించిన బ్లేడుని చూసి మోసపోయేది ఇక్కడే, మెరుపు గుంటల్ని పూడ్చదు.

పార్సిలే రాకుండా ట్రాకింగ్‌లో మాత్రం "డెలివర్డ్" అని చూపిస్తే కంగారు పడకండి. మీ జిప్ కోడ్‌లోనే వేరే ఇంటికి ఖాళీ కవరు పంపి ఆ నంబరుని మీకు అంటగట్టడం తెలిసిన మోసమే. పోస్టాఫీసుకి వెళ్లి ఆ ట్రాకింగ్ నంబరు చూపిస్తే అది మీ అడ్రసుకి వచ్చిందా లేదా వాళ్ల దగ్గర తెలుస్తుంది. వాళ్లు చెప్పింది కాగితం మీద రాయించుకోండి.

"నో రిటర్న్స్" అని రాశాడు కదా, ఇక నా పని అయిపోయింది అనుకుని చాలామంది ఊరుకుంటారు. అలా ఊరుకోకండి. వర్ణనతో సరిపోలని వస్తువైతే "నో రిటర్న్స్" అన్నా, "యాజ్ ఈజ్" అన్నా ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ వర్తిస్తుంది, 30 రోజుల్లోపు కేసు తెరవాలి, వెనక్కి పంపే ఖర్చు వాడిదే. "విడిభాగాల కోసం, పనిచెయ్యదు" అన్న కండిషన్ కింద పెట్టిన వస్తువుకి మాత్రం నెగ్గడం కష్టం, కొనేముందే ఆ లైను చూసుకోవాలి. కేసులో ఆవేశంగా రాయకండి, మోసగాడు, దగాకోరు అన్న మాటలు చదివే ఏజెంటుకి ఉపయోగపడవు. ఏ తేదీన ఏ ప్రశ్న అడిగారు, ఏం జవాబిచ్చాడు, వచ్చిన దాంట్లో ఏముంది, స్కేలు పక్కన పెట్టిన రెండు ఫొటోలు, అంతే. "సగం డబ్బు ఇస్తాను, కేసు మూసేయండి, మిగతాది తర్వాత చూద్దాం" అని వాడు మెసేజ్ పెడతాడు. మూసిన కేసుని మళ్లీ తెరవడానికి ఉండదు, డబ్బు పూర్తిగా చేతికొచ్చేదాకా మూయకండి. వెనక్కి పంపేటప్పుడు కేసులో వచ్చిన లేబులే వాడండి, పోస్టాఫీసు రసీదు ఫొటో తీసుకోండి, చిత్రికలోని బ్లేడు విడిగా చుట్టండి, లేకపోతే దారిలో పిడి విరిగిందని ఈసారి వాడు కేసు పెడతాడు.